ఒక లిప్త ముందు: ఆర్కెస్ట్రా కండక్టర్ వృత్తి, జుబిన్ మెహతా జీవితం

పెళ్లిళ్ల కాలంలో రాత్రి తొమ్మిది దాటాక హనుమకొండలో ఏదో ఒక వీధిలో బరాత్ ఎదురవుతుంది. వీధి వెడల్పుగా ఉన్నంతసేపు బ్యాండు మేళం గుంపుగా నడుస్తుంది, పాట బిగువుగా వినిపిస్తుంది. ఇరుకు సందులోకి మళ్లగానే వాళ్లు ఇద్దరిద్దరుగా సాగవలసి వచ్చి, ముందున్న క్లారినెట్‌కూ చివరనున్న పెద్ద డోలుకూ మధ్య ముప్పై మీటర్ల దూరం ఏర్పడుతుంది. కాసేపటికే డోలు దెబ్బ పాట వెనక పడి రావడం మొదలవుతుంది. అప్పుడు బ్యాండు మాస్టరు క్లారినెట్‌ను చంకలో పెట్టుకొని, వెనక్కి తిరిగి, వెనకడుగులు వేస్తూనే కుడిచేతిని తలపైకి ఎత్తి నాలుగైదు సార్లు దించుతాడు. డోలు మళ్లీ పాటతో కలుస్తుంది, మాస్టరు క్లారినెట్ అందుకుంటాడు.

మాస్టరు చేయి ఎత్తిన ఆ కాసేపూ ఆయన నోటి నుంచి గానీ వాద్యం నుంచి గానీ ఒక్క స్వరం రాదు, కాని మేళం మొత్తం ఆయన చెప్పినట్టే మోగుతుంది. పాశ్చాత్య సింఫనీ ఆర్కెస్ట్రా ముందు చిన్న పుల్ల పట్టుకొని నిలబడే వ్యక్తి జీవితమంతా ఆ కాసేపటి పనే. ఆయనను కండక్టర్ అంటారు. మన దగ్గర కండక్టర్ అనగానే ఆర్టీసీ బస్సు గుర్తుకు వస్తుంది, ఆర్కెస్ట్రా అనగానే కీబోర్డు, ప్యాడ్లు పెట్టుకొని సినిమా పాటలు పాడే పెళ్లి బృందం గుర్తుకు వస్తుంది. ఈ వ్యాసంలో ఆర్కెస్ట్రా అంటే ఎనభై నుంచి వంద మంది దాకా వాద్యకారులు కాగితంపై రాసిన సంగీతాన్ని వాయించే బృందం అని అర్థం. ముందు వయొలిన్లు, వయోలాలు, చెల్లోలు, డబుల్ బాసులు, వాటి వెనక ఫ్లూటు, ఓబో, క్లారినెట్, బసూన్, ఇంకా వెనక కొమ్ము వాద్యాలు, చిట్టచివర తాళవాద్యాలు ఉంటాయి.

2025 మార్చి 8న లండన్‌లో రాయల్ ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రా ఇళయరాజా రాసిన సింఫనీని, అంటే ఆర్కెస్ట్రా కోసం రాసిన పెద్ద కృతిని, వాయించినప్పుడు, ముందు నిలబడి నడిపించినది మికెల్ టామ్స్ అనే కండక్టర్. ఆ వీడియోలు చూసిన మిత్రులు చాలామంది నన్ను ఒకే ప్రశ్న అడిగారు. రాసినవాడు ఉన్నాడు, వాయించేవాళ్లు ఉన్నారు, ప్రతివాడి ముందూ కాగితం ఉంది, మరి మధ్యలో ఈ మూడో మనిషి ఎందుకు? ఇది అమాయకమైన ప్రశ్న కాదు. ఆర్కెస్ట్రాల చరిత్రలో ఈ ప్రశ్నను నిజంగానే పరీక్షకు పెట్టినవాళ్లు ఉన్నారు.

మొదటి కారణం బరాత్ సందులో కనిపించినదే. శబ్దం గాలిలో సెకనుకు సుమారు 343 మీటర్లు ప్రయాణిస్తుంది. ముప్పై మీటర్ల దూరం దాటడానికి దానికి దాదాపు సెకనులో పదకొండో వంతు పడుతుంది. నిమిషానికి 120 దెబ్బల నడకలో ఒక దెబ్బ అర సెకను, అందులో నాలుగో వంతు సెకనులో ఎనిమిదో భాగం. అంటే వెనకనున్న డోలు తన చెవికి వినిపించిన క్లారినెట్‌తో కచ్చితంగా కలిపి కొట్టినా, శబ్దం వెళ్లి రావడానికి రెండింతలు పట్టి, ముందున్నవాళ్లకు అది ఒక చిన్న అక్షరం కంటే ఎక్కువే ఆలస్యంగా వినిపిస్తుంది. ఎవరూ తప్పు వాయించకుండానే పాట చెదురుతుంది. కచేరీ వేదికపై దూరం ఇంతకంటే తక్కువే, పదిహేను మీటర్లు అనుకుందాం. అయినా వెనక వరుసలోని ట్రంపెట్ తన చెవిని నమ్ముకుంటే ముందు వరుస వయొలిన్ కంటే వెనకబడే తీరుతుంది. అందుకే వెనక కూర్చున్నవాళ్లు వినిపించిన దానికంటే కాస్త ముందుగా వాయించడం నేర్చుకుంటారు. దానికి వాళ్లకు కావలసింది అందరికీ ఒకే లిప్తలో కనిపించే ఒక కదలిక. కంటికి ఆలస్యం లేదు కాబట్టి చెవి చేయలేని పని కన్ను చేస్తుంది.

అంతే అయితే దానికి ఒక ఎర్ర దీపం చాలు, నిమిషానికి ఇన్నిసార్లని వెలిగి ఆరిపోతే సరిపోతుంది. దీపం ఎందుకు చాలదో తెలియాలంటే చేయి చేసే పనిని దగ్గరగా చూడాలి.

మన సంగీతంలో తాళం వేసే చేతిని అందరూ చూసి ఉంటారు. ఆది తాళానికి ఒక దెబ్బ, మూడు వేళ్ల లెక్క, ఆ తర్వాత రెండుసార్లు దెబ్బ, ఉసి. ఆ చేయి మనం ఇప్పుడు ఎక్కడ ఉన్నామో చెబుతుంది. కండక్టర్ కుడిచేతికీ ఇలాంటి నమూనాలు ఉన్నాయి. నాలుగు లెక్కల ఆవృతానికి కిందికి, ఎడమకు, కుడికి, పైకి. మూడు లెక్కలకు కిందికి, కుడికి, పైకి. చూడటానికి ఒకే రకమైన పని అనిపిస్తుంది. తేడా అసలైన దెబ్బకు ముందు ఉంది. కండక్టర్ చేయి కిందికి దిగేముందు పైకి లేస్తుంది కదా, ఆ లేవడమే కీలకం. అది ఎంత వేగంగా లేచిందో దాన్ని బట్టి రాబోయే నడక తెలుస్తుంది, ఎంత బరువుగా లేచిందో దాన్ని బట్టి రాబోయే స్వరం బలం తెలుస్తుంది. వేణువు, కొమ్ము వాయించేవాళ్లు ఆ లేవడంతోనే ఊపిరి తీసుకుంటారు, వయొలిన్లవాళ్లు కమాను ఎత్తుతారు. కండక్టర్ ఎప్పుడూ సంగీతం కంటే ఒక దెబ్బ ముందు బతుకుతాడు. మనకు స్వరం వినిపించే సమయానికి ఆయన పని అయిపోయి ఉంటుంది, ఆయన మనసు తర్వాతి దానిపై ఉంటుంది.

దీనికి బీథోవెన్ అయిదవ సింఫనీ ఆరంభాన్ని మించిన ఉదాహరణ లేదు. 1808 డిసెంబరు 22న వియన్నాలో మొదటిసారి వినిపించిన ఆ సింఫనీ మొదటి నాలుగు స్వరాలు, మూడు పొట్టివి, ఒకటి పొడుగు, ఎక్కడో ఒకచోట విననివారు ఉండరు. కాగితంపై చూస్తే అది స్వరంతో మొదలుకాదు, మౌనంతో మొదలవుతుంది. రెండు లెక్కల ఆవృతంలో మొదటి చిన్న భాగం ఖాళీ, ఆ ఖాళీ తర్వాత మూడు స్వరాలు. కర్ణాటక సంగీతం నేర్చినవారు దీన్ని వెంటనే గుర్తుపడతారు. తాళం ముందు మొదలై, పాట తర్వాత ఎత్తుకోవడాన్ని మనం అనాగత గ్రహం అంటాము. మనకు ఎత్తుగడకు ముందే తాళం నడుస్తూ ఉంటుంది కనుక ఇబ్బంది లేదు. బీథోవెన్ సింఫనీలో అంతకు ముందు ఏమీ లేదు, హాలంతా నిశ్శబ్దం. బీథోవెన్ తర్వాత తానే ఇచ్చిన వేగం ప్రకారం ఒక ఆవృతం అర సెకను కంటే కొంచెం ఎక్కువ, అందులో ఆ ఖాళీ సెకనులో ఏడో వంతు. పుల్ల ఆ మౌనం మీద దిగాలి, తీగవాద్యాల వాళ్లూ క్లారినెట్ల వాళ్లూ అంతా ఆ ఏడో వంతు తర్వాత ఒకేసారి పడాలి. చేయి లేచిన తీరులో రవ్వంత సందేహం ఉన్నా మూడు స్వరాలు గలగల రాలుతాయి. దీపం ఈ పని చేయలేదు, ఎందుకంటే వెలగబోతున్నానని దీపం ముందుగా చెప్పదు.

ఎడమచేతిది వేరే సంగతి. ఎవరు పైకి రావాలో, ఎవరు తగ్గాలో, నలభై ఆవృతాలు మౌనంగా కూర్చున్న కొమ్ము వాద్యకారుడు ఇప్పుడు అందుకోవాలో, స్వరాన్ని ఇంకా సాగదీయాలో, కోసేయాలో అది చెబుతుంది. మంచి కండక్టర్లకు రెండు చేతులూ ఒకదానికొకటి అద్దంలా కదలవు.

ఇక చేతుల కంటే ముందు ఉండే పని, కచేరీకి వచ్చిన శ్రోతకు ఎప్పుడూ కనిపించనిది, స్కోరు చదవడం. వాద్యకారుడి ముందు ఉండే కాగితంలో తన వాద్యం వరస మాత్రమే ఉంటుంది. కండక్టర్ ముందున్న పుస్తకంలో పది, ఇరవై, కొన్నిసార్లు ముప్పై వరసలు ఒకదాని కింద ఒకటి ఉంటాయి, అవన్నీ ఒకేసారి మోగుతాయి. పైగా అన్నీ ఒకే శ్రుతి భాషలో ఉండవు. పైన చెప్పిన అయిదవ సింఫనీలో క్లారినెట్ వరసలో ‘సీ’ అనే స్వరం ఉంటే వినిపించేది బీ ఫ్లాట్ అనే స్వరం, కొమ్ము వరసలో ‘సీ’ అని ఉంటే వినిపించేది ఈ ఫ్లాట్. మన వేణువు విద్వాంసుడు వేళ్లు అలాగే ఉంచి రెండున్నర శ్రుతి వేణువును దించి నాలుగు శ్రుతి వేణువు ఎత్తుకుంటే అదే ‘స’ వేరే ఎత్తులో మోగుతుంది కదా, ఇదీ అలాంటిదే. కాకపోతే కండక్టర్ ఇలాంటి అయిదారు శ్రుతులను ఒక పేజీపై ఒకేసారి చూస్తూ, వాద్యం లేకుండా, కళ్లతోనే అసలు ధ్వనిని మనసులో వినగలగాలి. రిహార్సల్‌లో అరవై మంది ఒక్కసారి వాయిస్తున్నప్పుడు రెండో బసూన్ ఒక స్వరం తప్పు వాయిస్తే దొరకబుచ్చుకునే చెవి ఆ చదువు నుంచి వస్తుంది. ముందు తన మనసులో మోగినదానికీ ఎదుట మోగుతున్నదానికీ తేడా విని సరిదిద్దడమే రిహార్సల్.

కండక్టర్ అనే వృత్తి ఎప్పటినుంచో ఉన్నది కాదు. పదిహేడో శతాబ్దంలో ఫ్రాన్సు రాజాస్థానంలో లల్లీ అనే స్వరకర్త బరువైన కర్రను నేలకేసి కొడుతూ బృందాన్ని నడిపేవాడు. 1687లో పద్నాలుగో లూయీ ఆరోగ్యం కుదుటపడిన సందర్భంగా జరిగిన సంగీతంలో ఆ కర్ర ఆయన కాలికే తగిలి, పుండు కుళ్లి, చనిపోయాడు. ఆ తర్వాత చాలాకాలం మొదటి వయొలిన్ వాద్యకారుడో, హార్ప్సికార్డ్ ముందు కూర్చున్న స్వరకర్తో నడిపించేవారు. బృందాలు పెద్దవై, సంగీతం చిక్కబడి, నడక పేజీకోసారి మారడం మొదలయ్యాకే, పందొమ్మిదో శతాబ్దంలో, చేతిలో పుల్లతో వాద్యం లేని మనిషి ముందుకు వచ్చాడు. 1865లో జర్మన్ స్వరకర్త వాగ్నర్ సంగీత నాటకాన్ని తొలిసారి నడిపించిన హాన్స్ ఫాన్ బ్యూలోను ఆధునిక అర్థంలో తొలి వృత్తి కండక్టర్లలో ఒకడిగా చెబుతారు.

ఆ మనిషి లేకుండా నడవదా అని పరీక్షించినవాళ్ల సంగతి ఇక్కడ చెప్పాలి. విప్లవం తర్వాత 1922లో మాస్కోలో పెర్సిమ్ఫాన్స్ అనే ఆర్కెస్ట్రా యజమాని వంటి కండక్టర్ వద్దనుకొని మొదలైంది. ఒకరి ముఖం ఒకరికి కనిపించేలా వలయంగా కూర్చొని, నిర్ణయాలు కలిసి తీసుకొని, పదేళ్లపాటు బాగానే వాయించారు. 1972లో న్యూయార్క్‌లో మొదలైన ఆర్ఫియస్ అనే చిన్న బృందం ఇప్పటికీ అలాగే వాయిస్తుంది. కాబట్టి నడుస్తుంది. నడవాలంటే బృందం చిన్నదై ఉండాలి, లేదా రిహార్సల్స్ చాలా ఎక్కువ కావాలి, ఎందుకంటే ఒక స్వరం ఎంత పొడుగుండాలన్న ప్రతి ప్రశ్నకూ అందరూ కలిసి జవాబు వెతుక్కోవాలి. సాధారణ ఆర్కెస్ట్రాకు ఒక కచేరీకి మూడు నాలుగు రిహార్సల్స్ మించి దొరకవు. ఆ కొద్ది గంటల్లో వందమందికీ ఒకే అభిప్రాయం ఉండాలంటే, ఆ అభిప్రాయం ఒకరి మనసులో ముందే తయారై ఉండాలి.

ఇలా ముందే తయారై ఉండటం ఒక మనిషి జీవితాన్ని ఎలా మలుస్తుందో చూడటానికి మన దేశం నుంచి వెళ్లిన జుబిన్ మెహతా కథే తగినది. ఆయన 1936 ఏప్రిల్ 29న బొంబాయిలో పార్సీ కుటుంబంలో పుట్టారు. తండ్రి మేలీ మెహతా వయొలిన్ వాద్యకారుడు, 1935లో బొంబాయి సింఫనీ ఆర్కెస్ట్రాను స్థాపించినవాడు. ఇంట్లో గ్రామఫోను రికార్డులు, తండ్రి శిష్యుల సాధన, వాద్యబృందం రిహార్సల్స్. పదహారేళ్లకే ఆ కుర్రవాడు తండ్రి బృందాన్ని రిహార్సల్స్‌లో నడిపేవాడు. అయినా ఆ రోజుల్లో ఈ దేశంలో దానితో బతుకు వెళ్లదీయడం అసాధ్యం కాబట్టి వైద్య విద్య కోసం సెయింట్ జేవియర్స్ కళాశాలలో చేర్పించారు. రెండేళ్లకు అది వదిలి, 1954లో, పద్దెనిమిదేళ్ల వయసులో వియన్నా చేరారు.

అక్కడ తొలిసారిగా విన్న కచేరీ గురించి ఆయన చాలాసార్లు చెప్పారు. కార్ల్ బోమ్ నడిపించగా వియన్నా ఫిల్‌హార్మోనిక్ వాయించిన బ్రామ్స్ మొదటి సింఫనీ అది. అభిరుచితో వాయించేవాళ్లను ఎక్కడెక్కడినుంచో కూర్చి నిలబెట్టిన బొంబాయి బృందాన్ని, గీతలు పడిన రికార్డులను విన్న చెవికి ఆ ధ్వని అంతవరకు ఊహలో కూడా లేనిది. కండక్టర్‌కు మనసులో ఒక ధ్వని ఉండాలి అని పైన అన్నాను. మెహతాకు ఆ ధ్వని దొరికింది అక్కడే, ఆ తర్వాత లాస్ ఏంజెలెస్‌లోనైనా టెల్ అవీవ్‌లోనైనా తీగవాద్యాల నుంచి ఆయన రాబట్టాలని చూసింది ఆ వియన్నా నిగారింపునే.

గురువు హాన్స్ స్వరోవ్‌స్కీ. చేతి ఊపులకంటే ముందు స్కోరు నిర్మాణాన్ని విడగొట్టి చూడమనే గురువు, అనవసరమైన కదలికను సహించనివాడు. ఆయన తరగతిలోనే క్లాడియో అబ్బాడో కూడా చదివాడు. ఆ చదువుతో పాటు మెహతా డబుల్ బాసు కూడా నేర్చుకొని ఆర్కెస్ట్రాలలో వెనక వరుసలో నిలబడి వాయించారు. ఇది ముఖ్యమైన విషయం. కండక్టర్‌ను వెనక నుంచి చూసినవాడికీ, అతని చేతి కింద కూర్చొని వాయించినవాడికీ అర్థమయ్యేది ఒకటి కాదు. పెద్ద కండక్టర్ల రిహార్సల్స్‌కు విద్యార్థులను రానివ్వరు కనుక, అబ్బాడో, మెహతా కలిసి ఒక గాయక బృందంలో చేరిపోయారు. పాడేవాళ్లు కండక్టర్‌కు ఎదురుగా నిలబడతారు కాబట్టి కరాయన్, బ్రూనో వాల్టర్ వంటివారి చేతులనూ ముఖాలనూ నేరుగా చూడగలిగారు. మన దగ్గర శిష్యులు గురువు వెనక తంబూరా పట్టుకొని కూర్చొని నేర్చుకున్నట్టే ఇది కూడా.

1956లో హంగరీలో తిరుగుబాటు అణచివేతకు గురై జనం సరిహద్దు దాటి ఆస్ట్రియాలోకి వచ్చినప్పుడు, ఇరవై ఏళ్ల మెహతా తోటి విద్యార్థులను కొద్ది రోజుల్లో కూడగట్టి, శరణార్థుల శిబిరంలో కచేరీ చేశారు. 1958లో లివర్‌పూల్‌లో జరిగిన అంతర్జాతీయ కండక్టర్ల పోటీలో మొదటి బహుమతి గెలిచారు. దాని ఫలితంగా అక్కడి ఆర్కెస్ట్రాలో ఏడాదిపాటు సహాయకుడిగా పని దొరికింది. సహాయకుడి పని అంటే ముఖ్య కండక్టర్ ఏ స్కోరు నడిపితే ఆ స్కోరును తానూ పూర్తిగా నేర్చుకొని, వేదిక పక్కన కూర్చొని ఉండటం. నూటికి తొంభై రోజులు ఎవరూ పిలవరు.

పిలిచిన రోజున సిద్ధంగా ఉన్నవాడి జీవితం మాత్రం మారిపోతుంది. 1960లో మాంట్రియల్‌లో ఇగోర్ మార్కెవిచ్ అనారోగ్యంతో రాలేకపోతే బదులుగా మెహతా వెళ్లారు, వెంటనే ఆ ఆర్కెస్ట్రాకు సంగీత దర్శకుడయ్యారు. 1961 ఆరంభంలో లాస్ ఏంజెలెస్‌లో ఫ్రిట్జ్ రైనర్ అస్వస్థుడైతే మళ్లీ ఆయనే. అదే ఏడాది ఇజ్రాయెల్ ఫిల్‌హార్మోనిక్ వద్ద యూజీన్ ఆర్మాండీ స్థానంలోనూ ఆయనే. ఇది అదృష్టమని చాలామంది రాస్తారు. నాకు అలా అనిపించదు. ఒక పెద్ద కండక్టర్ ప్రకటించిన కార్యక్రమాన్ని నాలుగైదు రోజుల వ్యవధిలో అందుకోవడమంటే, గంటన్నర సంగీతం స్కోరు ముందే మనసులో ఉండాలి. తనకంటే రెట్టింపు వయసున్న వాద్యకారుల ముందు మొదటి పది నిమిషాల్లోనే అది బయటపడుతుంది. వాళ్లు తెలియనివాణ్ణి క్షమించరు.

లాస్ ఏంజెలెస్‌లో ఒక చేదు సంఘటన కూడా ఉంది. అక్కడ సంగీత దర్శకుడిగా రావలసిన గియోర్గ్ షోల్టీని అడగకుండానే నిర్వాహకులు మెహతాను సహాయకుడిగా నియమించారు. షోల్టీ ఆగ్రహించి రాజీనామా చేశాడు. ఆ పదవి 1962లో ఇరవై ఆరేళ్ల మెహతాకు దక్కింది, 1978 వరకు ఆయనే ఉన్నారు. 1967 దాకా మాంట్రియల్ కూడా ఆయన చేతిలోనే ఉంది. ఉత్తర అమెరికాలో ఒకేసారి రెండు పెద్ద ఆర్కెస్ట్రాలు ఒకరి కింద ఉండటం అదే మొదలు.

సంగీత దర్శకుడు అన్న మాటకు మనకు సినిమాలో ఉన్న అర్థం ఇక్కడ లేదు. ఇక్కడ ఆయన పాటలు కట్టడు. ఏడాదిలో ఏయే కృతులు వాయించాలో ఎంచుతాడు, అతిథులుగా ఎవరిని పిలవాలో తేలుస్తాడు, ఖాళీ అయిన ప్రతి కుర్చీకీ కొత్త వాద్యకారుణ్ణి ఎంపిక చేయడంలో చివరి మాట ఆయనదే, విరాళాలిచ్చేవాళ్లతో భోజనాలకూ ఆయనే వెళ్లాలి. సాధారణంగా ఏడాదికి పది పదిహేను వారాలు సొంత ఆర్కెస్ట్రాతో గడిపి, మిగతా కాలం అతిథిగా ఊళ్లు తిరుగుతాడు. ఎన్నేళ్లు ఉంటే ఆ బృందం ధ్వని అంతగా ఆయనదవుతుంది, ఎందుకంటే కూర్చున్నవాళ్లలో సగం మందిని ఎంచినది ఆయన చెవి.

1978 నుంచి 1991 వరకు పదమూడేళ్లు న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్. అక్కడి పత్రికలు ఆయనతో కఠినంగానే వ్యవహరించాయి, ఆడంబరం ఎక్కువని రాశాయి. ఫ్లారెన్సులో 1985 నుంచి 2017 దాకా, మ్యూనిక్ ఒపేరాలో 1998 నుంచి 2006 దాకా. వియన్నా ఫిల్‌హార్మోనిక్ కొత్త సంవత్సరం కచేరీని అయిదుసార్లు నడిపించారు. 1990లో రోములో ఒపేరా గాయకులు పవరొట్టీ, డొమింగో, కరేరాస్ ముగ్గురూ కలిసి పాడిన కచేరీలో ముందు నిలబడినదీ ఆయనే, దాని రికార్డు ప్రపంచమంతా అమ్ముడుపోయింది. పదవుల జాబితా కంటే ఆయన జీవితంలో నన్ను ఆపి ఆలోచింపజేసేది ఇజ్రాయెల్ ఫిల్‌హార్మోనిక్‌తో ఆయన అనుబంధం. ఆ ఆర్కెస్ట్రా పుట్టింది కూడా 1936లోనే, యూరప్‌లో ఉద్యోగాలు పోగొట్టుకున్న యూదు వాద్యకారులతో. ఆయన 1977లో దానికి సంగీత దర్శకుడయ్యారు, 1981లో ఆ పదవిని జీవితకాలానికి ఇచ్చారు, 2019లో ఆయనే దాని నుంచి తప్పుకున్నారు.

1981లోనే ఆ బృందంతో టెల్ అవీవ్‌లో వాగ్నర్ సంగీతం వాయించడానికి ప్రయత్నించారు. నాజీలు నెత్తిన పెట్టుకున్న స్వరకర్త కావడంతో అప్పట్లో ఆ దేశంలో వాగ్నర్‌ను ఎవరూ వాయించేవారు కాదు. కచేరీ చివర, ఇష్టం లేనివారు వెళ్లిపోవచ్చునని చెప్పి మొదలుపెట్టారు. హాలులో కేకలు, పెనుగులాట. నాజీల నిర్బంధ శిబిరాల నుంచి బతికి బయటపడినవారు ఎదుట కూర్చున్నప్పుడు అది చేయవలసిన పనేనా? సంగీతంగా వాగ్నర్ లేకుండా ఆర్కెస్ట్రా చదువు పూర్తికాదన్న ఆయన వాదన నిజమే. కాని శ్రోత గాయం కూడా అంతే నిజం, అది వాదనతో మానదు. ఆ రోజు ఆయన హాలును సరిగ్గా చదవలేదనే నేను అనుకుంటాను. వాద్యకారుల ఊపిరిని చదవగలిగినవాడు ఎదుట ఉన్న జనం ఊపిరిని కూడా చదవాలి.

చదివిన సందర్భాలూ ఉన్నాయి. 1991 గల్ఫ్ యుద్ధంలో క్షిపణులు పడుతున్నప్పుడు ఆయన ఇజ్రాయెల్ వెళ్లి కచేరీలు చేశారు. జెరూసలేంలో ఒక కచేరీ మధ్యలో సైరన్ మోగితే శ్రోతలు విషవాయువు ముసుగులు తగిలించుకొని కూర్చున్నారు, వయొలిన్ విద్వాంసుడు ఐజాక్ స్టెర్న్ ఒంటరిగా బాక్ అనే స్వరకర్త సంగీతం వాయించారు. 1994లో బోస్నియా రాజధాని సరయేవోలో, యుద్ధంలో కాలిపోయిన జాతీయ గ్రంథాలయం శిథిలాల మధ్య, మోజార్ట్ రెక్వియంను (చనిపోయినవారి కోసం పాడే ప్రార్థనా సంగీతాన్ని) ఆ ఊరి వాద్యకారులతోనే నడిపించారు. 2013 సెప్టెంబరులో శ్రీనగర్ షాలిమార్ తోటలో మ్యూనిక్ ఆర్కెస్ట్రాతో చేసిన కచేరీకి మాత్రం ఆహ్వానితులకే ప్రవేశం ఉండటంతో అక్కడి ప్రజలలో చాలామంది నొచ్చుకున్నారు. అరవై ఏళ్లకు పైగా విదేశాల్లో గడిపినా ఆయన భారత పౌరసత్వాన్ని వదులుకోలేదు. 1966లో పద్మభూషణ్, 2001లో పద్మవిభూషణ్ అందుకున్నారు.

ఇంతటి వృత్తి మన సంగీతంలో ఎందుకు పుట్టలేదు అన్నది నాకు అన్నిటికంటే ఇష్టమైన ప్రశ్న. బృందవాద్యం మనకు కొత్త కాదు. నాట్యశాస్త్రం వాద్యబృందాన్ని కుతపం అన్నది. ఇదే ఓరుగల్లులో కాకతీయ గణపతిదేవుని గజసేనాని జాయపుడు పదమూడో శతాబ్దంలో నృత్తరత్నావళి రాశాడు. వాద్యాలపై కూడా ఆయన ఒక గ్రంథం రాశాడంటారు, అది మనకు దక్కలేదు. రామప్ప గుడి స్తంభాల దగ్గర కాసేపు నిలబడితే నర్తకి పక్కన మద్దెల వాయించేవాళ్లు కనిపిస్తారు. ఆ శిల్పాల్లో మద్దెలవాడి చూపు నర్తకి మీద ఉంటుంది, బృందం ముందు విడిగా నిలబడి చేయి ఊపే మనిషి ఎక్కడా లేడు.

కారణం సంగీతం స్వభావంలో ఉంది. మన కచేరీలో నలుగురైదుగురు ఒకే రాగాన్ని, ఒకే గమనాన్ని పట్టుకొని నడుస్తారు, వయొలిన్ గాత్రాన్ని నీడలా అనుసరిస్తుంది. అప్పటికప్పుడు పుట్టే మనోధర్మానికి ముందే రాసిన కాగితం ఉండదు, కాబట్టి అందరికంటే ఒక దెబ్బ ముందుండే బయటి మనిషికి అక్కడ పని లేదు. పాశ్చాత్య సింఫనీలో ఒకే క్షణంలో ఇరవై వరసలు వేర్వేరుగా నడుస్తూ కలిసి ఒక అర్థం ఇస్తాయి. తన వరస మాత్రమే తెలిసిన వాద్యకారుడికి ఆ మొత్తం కనిపించదు. మన ఒగ్గుకథలో ప్రధాన కథకుడు కంటి సైగతో డోళ్లను లేపుతాడు, ఆపుతాడు. కూచిపూడి, భరతనాట్యం ప్రదర్శనలో నట్టువాంగం పట్టినవారు తాళాలతో, జతులతో నర్తకినీ మృదంగాన్నీ ముడివేస్తారు. ఇద్దరూ నడిపించేవాళ్లే, కాని ఇద్దరూ శబ్దం చేస్తూ, లోపల ఉండి నడిపిస్తారు. సింఫనీ కండక్టర్ ఒక్కడే బయట నిలబడి మౌనంగా ఆ పని చేస్తాడు.

రెండు పద్ధతులనూ కలపాలని ప్రయత్నించినవారున్నారు. 1952లో ఆకాశవాణి ఢిల్లీలో వాద్యబృందాన్ని నెలకొల్పి రవిశంకర్, టి.కె. జయరామయ్యర్‌లను నడిపించమంది. 1981లో రవిశంకర్ సితార్, ఆర్కెస్ట్రాల కోసం రాసిన రాగమాలను న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్‌తో మెహతాయే తొలిసారి నడిపించారు. సితార్ విద్వాంసుడు ఒక సంగతిని ఎంతసేపు పెంచుతాడో తెలియని చోట, వందమందిని ఎత్తిన చేత్తో ఆపి ఉంచి సరిగ్గా ఆ తిరిగివచ్చే దెబ్బపై వదలడం ఎంత కష్టమో మృదంగం వాయించేవాళ్లకు తెలుస్తుంది.

వరంగల్ నుంచి ఒక పిల్లో పిల్లవాడో ఈ దారి పట్టాలంటే ఏమి కావాలని ఒక తల్లి ఈమధ్య నన్ను అడిగింది. ఆ బిడ్డ హనుమకొండలోని ఒక చర్చిలో క్వాయర్‌లో పాడుతుంది, ఇంకోవైపు కర్ణాటక గాత్రం నేర్చుకుంటుంది. ఉన్నమాట చెప్పాలి, దేశంలో పూర్తికాలపు వృత్తి ఆర్కెస్ట్రా ముంబయిలో 2006లో మొదలైన సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా ఒక్కటే. అదే ఊళ్లో 1995లో మొదలైన మేలీ మెహతా మ్యూజిక్ ఫౌండేషన్ పిల్లలకు నేర్పుతుంది. కండక్టర్ చదువు కోసం చివరకు దేశం దాటవలసిందే, అదీ ఏదో ఒక వాద్యంలో గట్టిపడ్డాకే. ఇరవైల్లో సహాయకులుగా చేరి, చాలామందికి నలభైల్లో గాని సొంత బృందం దొరకని వృత్తి ఇది. ఆడవాళ్లకు ఆ దారి ఇంకా ఆలస్యంగా తెరుచుకుంది. 2007లో బాల్టిమోర్ ఆర్కెస్ట్రాకు మారిన్ ఆల్సప్ సంగీత దర్శకురాలు అయ్యేదాకా అమెరికాలోని పెద్ద ఆర్కెస్ట్రా ఏదీ ఒక స్త్రీ చేతికి రాలేదు.

అయితే ఆ బిడ్డ దగ్గర ఇప్పటికే ఉన్నదాన్ని తక్కువగా చూడకూడదు. వర్ణాన్ని మూడు కాలాల్లో పాడుతున్నప్పుడు నోరు రెట్టింపు, నాలుగింతలు పరుగెడుతుంది, చేయి మాత్రం అదే ఆది తాళాన్ని చెదరకుండా వేస్తుంది. చేతినీ గొంతునీ వేరుచేసే ఆ సాధన స్వరోవ్‌స్కీ తరగతిలో కూడా మొదట నేర్వవలసినదే. క్వాయర్‌లో ఆమెది రెండో స్వరం, పక్కవాళ్లు వేరే వరస పాడుతుండగా తన వరస తప్పకుండా పట్టుకోవడం ప్రతి ఆదివారం చేస్తోంది. ఇక మిగిలినది హైడన్ సింఫనీల స్కోరు ఒకటి తెచ్చుకొని, రోజుకు ఒక పేజీ, ముందు వయొలిన్ వరసను పాడుతూ చెల్లో వరసను చేత్తో వేయడం, మరునాడు వాటిని తారుమారు చేయడం, వారం చివర పుస్తకం మూసి రెండిటినీ కలిపి మనసులో వినడానికి ప్రయత్నించడం. మొదటి పేజీకి ఆమెకు పదకొండు రోజులు పట్టింది.